బండ మాట వినాలి!

గనిలోకి దిగిన మనిషి నెత్తిమీద ఆకాశం ఉండదు... బండ ఉంటుంది. కూలేముందు అది చాలాసార్లు ఏదో ఒకటి చెబుతుంది. ఆ చెప్పేది వినడానికి ఒక చదువుంది. ఆ చదువుకు పరీక్ష మాత్రం ఏడాదికోసారి కాదు... ప్రతి షిఫ్టులోనూ!

గడ్డపార మొనతో పైకప్పును తట్టాలి. ‘ఖంగు’మని మోగితే బండ గట్టిగా ఉన్నట్టు. ‘డబ్’మని డొల్లగా పలికితే కింది పొరకీ పైపొరకీ మధ్య ఎక్కడో సందు పడినట్టు. అంటే ఆ కింది పొర ఇప్పుడు దేన్నీ పట్టుకుని లేదు, ఊరికే వేలాడుతోంది. రెండోచేతి వేళ్లను కప్పుకి ఆనించి తడితే ఆ అదురు వేళ్లకి తెలుస్తుంది. చెవికి అందనిది కూడా ఒక్కోసారి వేళ్లకి అందుతుంది. కొత్తగా గనిలో చేరిన కుర్రాడికి పెద్దవాళ్లు నేర్పే మొదటి విద్యల్లో ఇదొకటి.

పుచ్చకాయను వేలితో కొట్టి పండిందో లేదో చెప్పేవాళ్లూ, కుండను తట్టి పగులు కనిపెట్టేవాళ్లూ మనకి కొత్తకాదు. కాకపోతే అక్కడ పొరబడితే పోయేది కుండే.

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్‌లో ఈ విద్య తెలిసినవాళ్లు వీధికి నలుగురైనా ఉంటారు. రైలు దిగేవాళ్లకి ఇది రవీంద్రఖని, సింగరేణి ఉద్యోగులకి ఆర్కేపీ. మందమర్రికీ మంచిర్యాలకీ మధ్య బొగ్గు కోసమే పెరిగిన ఊరు. భూవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టడం, 1889లో అక్కడ తవ్వకం మొదలవడం, ఆ తవ్వకం గోదావరి దాటి ఇటు ఆదిలాబాద్ అడవుల్లోకి రావడం... ఈ కథంతా ఇక్కడి బడిపిల్లలకి కూడా తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. నాన్న డ్యూటీకి వెళ్లాక పైనున్న బండను ఎలా చదువుతాడన్నది!

నాలుగు అట్టల కట్ట

బొగ్గు పొర మీద ఉండేది ఒకే రాయి కాదు. ఇసుకరాయి, షేల్, బంకమట్టి, మధ్యలో సన్నటి బొగ్గు చారలు... ఇలా పుస్తకంలో పేజీల్లా పొరలు పొరలుగా ఉంటాయి. కింద బొగ్గు ఉన్నంతకాలం ఆ బరువును బొగ్గే మోస్తుంది. దాన్ని తవ్వి దారి చేయగానే పైపొరలకి ఆసరా పోతుంది. బరువంతా పక్కనున్న బొగ్గు స్తంభాల మీదికి మళ్లుతుంది. మధ్యలో కప్పు కాస్త కుంగుతుంది. పొరలన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కుంగితే ఫర్వాలేదు. కింది పొర ఒక్కటే విడిపోయి కుంగితే, అదిగో... ఆ ‘డబ్’ శబ్దం అక్కడి నుంచే.

రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, జానెడు మందం ఉన్న ఇసుకరాయి పలకను ఊహించుకోండి. మన ఇంట్లో డబుల్‌కాట్ మంచమంత. దాని బరువు సుమారు రెండు టన్నులు. హెల్మెట్ చిన్న పెళ్లల నుంచి కాపాడుతుంది. ఇలాంటి పలక ముందు దానికి విలువలేదు.

అందుకే పొరల్ని కలిపి కుట్టాలి. నాలుగు అట్టల్ని విడివిడిగా రెండు ఇటుకల మధ్య పరిచి పైన బరువు పెడితే వంగిపోతాయి. వాటినే దబ్బనంతో గుచ్చి దారంతో బిగిస్తే వంగవు. రూఫ్‌బోల్టు చేసే పని అదే. కప్పులోకి మీటరున్నర, అంతకన్నా ఎక్కువ లోతుకి రంధ్రం వేసి, రెజిన్ గొట్టాలో సిమెంటు గొట్టాలో దూర్చి, ఉక్కు కడ్డీని బిగిస్తారు. ఎక్కడ, ఎంత దూరానికొకటి వేయాలన్నది ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నిర్ణయించేది కాదు. మనదేశంలో కప్పుకి మార్కులు వేసే పద్ధతి ఉంది. ధన్‌బాద్‌లోని గనుల పరిశోధన సంస్థ, ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ కలిసి రూపొందించింది. పొరల మందానికి 30, పగుళ్లూ చీలికలకి 25, తేమకి చెడిపోయే గుణానికి 20, రాతి బలానికి 15, నీటి ఊటకి 10... మొత్తం వందకి. మార్కులు తగ్గేకొద్దీ బోల్టుల మధ్య దూరం తగ్గాలి.

ఇందులో ఓ చిత్రం గమనించారా? రాయి ఎంత గట్టిదన్నదానికి పదిహేను మార్కులే. అది ఎలా పేర్చుకుని ఉంది, ఎక్కడ చీలి ఉంది అన్నవాటికే సగానికి మించి. కొన్ని రకాల షేల్ తవ్వినరోజు ఉక్కులా ఉంటుంది. గాలిలోని తేమ తగిలాక ఉబ్బి, ఉల్లిపొరల్లా ఊడుతుంది. కాబట్టి పోయినవారం తట్టి చూసిన కప్పు ఈవారం మళ్లీ కొత్త కప్పే.

చెక్క ముందే చెబుతుంది

పాతతరం కార్మికులకి చెక్క దిమ్మలంటే ప్రాణం. కప్పు కింద నిలబెట్టిన దిమ్మ మీద బరువు పెరిగితే అది కిర్రుమంటుంది, నారలు చిట్లుతాయి, పేలుతున్నట్టు చప్పుడు చేస్తుంది. విరిగేముందు నాలుగైనా మాటలు చెబుతుంది. ఉక్కుకి అంత నోరులేదు. దాని బలం ఎక్కువే అయినా అది ఇచ్చే హెచ్చరిక తక్కువ. అందుకే రూఫ్‌బోల్టుల కాలంలో ‘టెల్‌టేల్’ అనే చిన్న పరికరం వచ్చింది. కప్పులోకి రంధ్రం చేసి లోపల పైన గట్టిరాతికి బిగిస్తారు. కిందికి వేలాడే కొసమీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుంటాయి. కప్పు కదిలేకొద్దీ రంగు మారుతుంది. అక్షరం రానివాళ్లకి కూడా అర్థమయ్యే భాష!

కప్పు చెప్పే మాటలు ఇంకా ఉన్నాయి. సన్నగా దుమ్ము రాలడం, పక్కగోడల నుంచి బొగ్గు పెళ్లలు ఊడటం, నిన్నటిదాకా లేని చోట నీటిచుక్క, బోల్టు పలక వంగిపోవడం, లోపలెక్కడో ఉరిమినట్టు వినిపించడం. అన్నిటికన్నా ప్రమాదకరమైన దశ వెనక్కి వస్తూ బొగ్గు స్తంభాల్ని తీసేయడం. మోస్తున్నవాటినే తీసేస్తారన్నమాట. అప్పుడు వెనకున్న ఖాళీలో కప్పు కూలాల్సిందే, కూలితేనే మంచిది. కూలకుండా మొండికేస్తే ఆ బరువంతా మనుషులున్న వైపు తోసుకొస్తుంది. కాబట్టి కప్పు కూలినా భయమే, కూలకున్నా భయమే!

ఇవన్నీ నేర్పడానికి చట్టబద్ధమైన ఏర్పాటు ఉంది. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ పూర్తికాకుండా ఎవరినీ గనిలో పనికి పెట్టకూడదు. ఐదేళ్లు దాటకుండా మళ్లీ శిక్షణకి రావాలి. కాంట్రాక్టు కార్మికులకీ ఇదే వర్తిస్తుంది. షిఫ్టు మొదలవకముందే సర్దార్ తన జిల్లా అంతా తిరిగి చూడాలి. గనిలో జిల్లా అంటే కలెక్టరు ఉండే జిల్లా కాదు, ఒక సర్దార్ బాధ్యత కింద ఉండే భాగం. వదులుగా ఉన్న పెళ్లల్ని గట్టి కప్పు కింద నిలబడి, పొడవాటి గడ్డపారతో ముందే రాల్చేయాలి. సపోర్టు లేని కప్పు కిందికి అడుగుపెట్టకూడదు. 2017లో వచ్చిన బొగ్గు గనుల నిబంధనలు కప్పు నియంత్రణకీ, దాని కదలికల పరిశీలనకీ ప్రతి గనికీ ఒక ప్రణాళిక ఉండాలన్నాయి.

ఇంత చదువుంది, ఇన్ని నిబంధనలున్నాయి. మరి ఎందుకు పోతున్నాయి ప్రాణాలు?

మూడు తేదీలు

2003 అక్టోబరు 16. గోదావరిఖనిలోని జీడీకే-8ఏ గనిలో కప్పు కూలి పదిమంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 16న పక్కనే ఉన్న ఏడో నంబరు ఎల్‌ఈపీలోకి నీరు ముంచెత్తి 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం నుంచి ఊరు ఇంకా తేరుకోకముందే ఇది.

2021 నవంబరు 10. శ్రీరాంపూర్ ప్రాంతంలోని ఎస్‌ఆర్‌పీ-3 గని. రామకృష్ణాపూర్‌కి కూతవేటు దూరం. కప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. దీపావళి వెళ్లి వారమైనా కాలేదు.

2022 మార్చి 7. రామగుండం దగ్గరి అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టు. అధునాతన యంత్రాలతో నడిచే గని. అక్కడా బండ కూలింది. శిథిలాల్లో చిక్కుకున్న ఓ కార్మికుడిని రెస్క్యూ దళాలు ప్రాణాలతో బయటికి తెచ్చాయి. ముగ్గురు మాత్రం దక్కలేదు. చనిపోయినవాళ్లలో ఆ ఏరియా రక్షణ అధికారి కూడా ఉన్నారు. బండను చదవడం ఎలాగో పదిమందికీ చెప్పే స్థానంలో ఉన్న మనిషి!

అందుకే ‘తెలియక పోయారు’ అనే మాట ఇక్కడ అతకదు. తెలిసినవాళ్లూ పోతున్నారు. తెలియడానికీ, తెలిసినదాని ప్రకారం ఆ క్షణంలో నడుచుకోవడానికీ మధ్య ఓ సందుంది. బండలో సందులాంటిదే. దాని గురించి ఎక్కువగా ఆలోచించినవాళ్లు బొగ్గు గనుల్లో కాదు, మంచుకొండల మీద ఉన్నారు.

మంచూ అంతే!

మంచుకొండకీ బొగ్గుబాయికీ ఏం సంబంధం అనిపించవచ్చు. అక్కడ తెల్లటి వెలుగు, ఇక్కడ చిమ్మచీకటి. కానీ మంచు కూడా పొరలు పొరలుగానే పడుతుంది. రెండు గట్టిపొరల మధ్య పంచదార పలుకుల్లాంటి వదులుపొర ఒకటి మిగిలిపోతే, పైనున్న పలకంతా ఒక్కసారిగా జారుతుంది. అదే హిమపాతం. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం ఎక్కువ. పొర కుప్పకూలేటప్పుడు కాళ్లకింద ‘వూంఫ్’మని ఓ చప్పుడు కూడా వస్తుంది. స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లకి నేర్పే పరీక్ష ఒకటి వింటే మన సర్దార్‌లు ఔరా అంటారు. మంచును నిలువు దిమ్మెలా కోసి, పైన పార పెట్టి, మణికట్టుతో పదిసార్లు, మోచేతి నుంచి పదిసార్లు, భుజం నుంచి పదిసార్లు తడతారు. ఎన్నో దెబ్బకి పొర విడిపోయిందన్నదాన్ని బట్టి కొండ ఎక్కాలో వెనక్కి తిరగాలో తేల్చుకుంటారు. ఇక్కడ గడ్డపార, అక్కడ అరచెయ్యి. అంతే తేడా!

మనదేశానికీ ఈ గండం కొత్తదేం కాదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర హిమపాతం పడింది. ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థకి చెందిన బృందం దానికింద చిక్కుకుంది. 27 మృతదేహాలు బయటపడ్డాయి. వాళ్లు సరదాగా వెళ్లినవాళ్లు కాదు, కొండెక్కడం నేర్చుకుంటున్నవాళ్లూ నేర్పుతున్నవాళ్లూ. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో రష్యా స్కీయర్ ఒకరు ఇలాగే ప్రాణం కోల్పోయారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచుకింద సమాధైన పదిమంది సైనికుల్లో కర్నూలు జిల్లా జవాను ఒకరున్నారు.

హిమపాతం కింద పడినవాళ్లలో ఎక్కువమంది విషయంలో ఆ మంచును కదిలించింది వాళ్లో, వాళ్ల బృందంలోనివాళ్లో! మరి వాళ్లకి ప్రమాదం గురించి తెలియదా? అమెరికాకి చెందిన ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు ఇదే ప్రశ్న వేసుకుని, తమ దేశంలో మూడు దశాబ్దాల్లో జరిగిన 715 ప్రమాదాల్ని పరిశీలించాడు. తేలిందేమిటంటే... శిక్షణ పొందినవాళ్లు కొత్తచోట జాగ్రత్తగానే ఉన్నారు. బాగా అలవాటైన వాలు దగ్గరికి వచ్చేసరికి, శిక్షణ లేనివాళ్లకి దీటుగా ప్రమాదంలోకి నడిచారు. ‘ఎన్నిసార్లు రాలేదు ఇక్కడికి, ఏమైంది?’ అన్న ధీమా. ముందు ఒకరు వెళ్లారు కదా అన్న భరోసా. అనుభవజ్ఞుడు మనతో ఉన్నాడుగా అన్న నిశ్చింత. ఇంతదూరం వచ్చి వెనక్కి పోవడమా అన్న మొండితనం.

ఈ నాలుగింటినీ రామకృష్ణాపూర్‌లో షిఫ్టు దిగి వస్తున్న ఎవరిని అడిగినా గుర్తుపడతారు. ఒకే దారిలో ఇరవయ్యేళ్లు నడిచిన మనిషికి ఆ కప్పు ఇంటి వసారాలా అనిపిస్తుంది. వసారా కప్పును ఎవరైనా రోజూ తట్టి చూస్తారా!

అయితే ఒక తేడా ఉంది. దాన్ని మరిచిపోతే కార్మికుడికి అన్యాయం చేసినట్టే. మంచుకొండ ఎక్కినవాడు సరదాకి వెళ్లాడు. నచ్చకపోతే వెనక్కి తిరగొచ్చు. గని కార్మికుడు జీతానికి వెళ్లాడు. ఫేస్ దగ్గర యంత్రం ఆగితే టన్నులు తగ్గుతాయి. టన్నులు తగ్గితే సర్దార్‌ని ఓవర్‌మన్ అడుగుతాడు, ఓవర్‌మన్‌ని పైవాళ్లు అడుగుతారు. సింగరేణి 2023-24లో ఏడుకోట్ల టన్నుల బొగ్గు తీసింది. అందులో భూగర్భ గనుల వాటా సుమారు పదోవంతు. మిగిలినదంతా ఓపెన్‌కాస్ట్‌ల నుంచే. ఇలా వాటా చిక్కిపోతున్న గని మీద ‘మేమూ తీయగలం’ అని చూపించుకోవాలన్న ఒత్తిడి తక్కువేం ఉండదు. ‘అన్నా, కప్పు శబ్దం తేడాగా ఉంది, పని ఆపుదాం’ అని ఓ బదిలీ కార్మికుడు అనాలంటే చెవి ఒక్కటే చాలదు. గొంతు కూడా కావాలి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ గొంతుకి కొంత బలం ఇస్తోంది. ప్రాణాపాయం పొంచి ఉందనిపిస్తే యాజమాన్యానికీ, తనిఖీ అధికారికీ తెలియజేసే హక్కు ఉద్యోగికి ఉంది. వెంటనే చర్య తీసుకోవాల్సిన బాధ్యత యాజమాన్యానిది. బాగుంది. కానీ తనిఖీ అధికారి ఫేస్ దగ్గర ఉండడు. అక్కడుండేది పక్కనున్న మనిషే. కాబట్టి శిక్షణలో కప్పు తట్టడంతోపాటు, ‘తట్టినవాడి మాట వినడం’ అనే పాఠం కూడా ఉండాలి. అది సర్దార్‌కీ, ఓవర్‌మన్‌కీ, ఆపైవాళ్లకీ చెప్పాల్సిన పాఠం.

నాన్న చెవి కొడుక్కి వస్తుందా?

ఇప్పుడు గనుల్లో తరం మారుతోంది. కారుణ్య నియామకాల్లో తండ్రుల స్థానంలో కొడుకులు వస్తున్నారు. డిగ్రీలు, బీటెక్‌లు చదివినవాళ్లు తలకి క్యాప్‌ల్యాంపు, నడుముకి సెల్ఫ్ రెస్క్యూయర్ తగిలించుకుని గని దిగుతున్నారు. వందకి మార్కులు వేసే లెక్క వీళ్లకి తండ్రులకన్నా త్వరగా అర్థమవుతుంది. టెల్‌టేల్ ఎందుకు కదిలిందో బొమ్మ గీసి చెప్పగలరు. తండ్రులకున్నది వేరు. తట్టాచెమ్మస్ రోజుల నుంచి వేల షిఫ్టుల్లో విన్న చప్పుళ్లన్నీ వాళ్ల చెవిలో నిల్వ ఉన్నాయి. ఆస్తిలా రాసివ్వడానికి అది కుదిరేది కాదు. ఒకే కప్పు కింద ఇద్దరూ నిలబడి, ‘ఇది విను, ఇప్పుడు ఇది విను’ అంటే తప్ప రాదు. అన్‌ఫిట్ అయి తండ్రి ఇంట్లో కూర్చున్నాకే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. ఇద్దరూ కలిసి గని దిగే రోజంటూ ఉండదు. రిటైరైన సర్దార్‌లని, టింబర్‌మెన్‌ని శిక్షణ కేంద్రాలకి పిలిచి నాలుగు రోజులు కూర్చోబెడితే అయ్యే ఖర్చెంత?

ఏ చదువూ పనికిరాని రోజు ఒకటి వస్తే అప్పుడు రామగుండం రెస్క్యూ స్టేషన్ ఉంది. అక్కడివాళ్లు ఆక్సిజన్ పరికరాలు వీపుకి కట్టుకుని, పొగలో, వేడిలో, పాకుతూ పోవడం సాధన చేస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకున్నప్పుడు సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్‌లతోపాటు సింగరేణి రెస్క్యూ దళాలూ లోపలికి వెళ్లాయి. పద్నాలుగు కిలోమీటర్ల లోపల బురద, నీరు, ముక్కలైన యంత్రం. మార్చి నెలలో ఇద్దరి మృతదేహాలు దొరికాయి. మిగిలిన ఆరుగురూ దొరకలేదు. మంచుకింద పడినవాళ్లని పావుగంటలోపు తవ్వితీస్తే ఎక్కువమంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. బండకింద పావుగంట గడువు కూడా ఉండదు చాలాసార్లు. అందుకే రెస్క్యూలో పనిచేసేవాళ్లే తమ అవసరం రాకూడదని అందరికన్నా ఎక్కువగా కోరుకుంటారు.

సింగరేణి కాలనీల్లో గడియారం షిఫ్టులతో నడుస్తుంది. మొదటి షిఫ్టు మనిషి సాయంత్రానికి ఇల్లు చేరాలి. పొయ్యిమీద అన్నం, వాకిట్లో ఓ చెవి. అరగంట ఆలస్యమైతే పక్కింటికి ఫోన్ వెళుతుంది. గంట దాటితే ఎవరో ఒకరు గని వైపు బయల్దేరతారు. ఇక్కడి ఇల్లాళ్లకి కప్పు, బోల్టు, జంక్షన్, సైడ్‌ఫాల్ అన్న మాటలన్నీ తెలుసు. చాలామంది భర్తల్ని రోజూ అడుగుతారు కూడా... ‘ఇవాళ ఎక్కడ వేశారు డ్యూటీ?’ అని. స్తంభాలు తీసేచోట అని తెలిస్తే ఆ పూట నిద్ర పట్టదు.

షిఫ్టు అయిపోయాక సర్దార్ ఓ పుస్తకం తెరుస్తాడు. తన జిల్లాలో కప్పు ఎలా ఉంది, ఎక్కడ పెళ్లలు రాల్చాల్సి వచ్చింది, ఎక్కడ అదనంగా సపోర్టు వేయించాడు, ఎక్కడికి ఎవరూ వెళ్లకుండా కంచె కట్టించాడు... అన్నీ రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్టు సర్దార్ గనిలోకి దిగేముందు అది చదివి, కింద తనూ సంతకం చేస్తాడు. తర్వాత గడ్డపార తీసుకుని, ఆ రాసినచోట్లన్నీ మళ్లీ తట్టి చూడటానికి వెళతాడు.